ఆపిన చోటు

కుంట తహసీలు, బస్తరు సంస్థానం
1937 ఫిబ్రవరి 12

గౌరవనీయులైన రాహేలమ్మ టీచరుగారికి,

మీ మాసే రాసుకునేది. ఉత్తరం మొదట ప్రభువు పేరు లేదని మీరు గమనించే ఉంటారు. మరిచిపోయి కాదు.

వేసవి తర్వాత బోర్డింగులో చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి నేను రాలేను. సంఘం పుస్తకంలో నా పేరు కూడా కొట్టేయించండి. కారణం చెప్పకుండా ఊరుకుంటే మీరు పెట్టిన చదువుకు ద్రోహం చేసినట్టు ఉంటుంది.

మా అన్న ఇర్మాకు విడవని జ్వరమని మీకు చెబుతూ వచ్చాను. జ్వరం కాదు, పెద్దరోగం, కుష్ఠు. ఆరేళ్ళయింది. తెలిస్తే నన్నూ బోర్డింగు నుంచి పంపేస్తారని దాచాను. నాన్న పోయాక గోదావరి మీద టేకు తెప్పలు నడిపి నన్ను చదివించింది అన్నే. శబరి నది దాటించి, భుజాన మోసుకొచ్చి మీ గుమ్మం దగ్గర దింపింది అతనే. ఇప్పుడు ఊరివాళ్ళు వాగు అవతల అతన్ని ఒక గుడిసె వేసుకోనిచ్చారు. ఇవతలికి వచ్చినా, ఇంకొకరిని చేరదీసినా దాన్ని తగలబెడతామన్నారు. మమ్మల్ని కన్న అవ్వ రోజూ సొరబుర్రలో జావ తీసుకెళ్ళి వాగు మధ్య బండ మీద పెట్టి వెనక్కి వస్తుంది. అప్పుడు అన్న దిగి వచ్చి తీసుకుంటాడు.

పోయిన ఏడాది బోర్డింగు నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి నేనూ అవ్వ వెంట వెళ్ళి, ఇవతలి గట్టున నిలబడి సువార్త చదివేదాన్ని. అవతలికి వినపడాలంటే అరవాలి. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు నవ్వేవారు.

"ఏందే మాసే, మీ దేవుడు చెవిటోడా?" అనేది మా పక్కింటి దేవే అత్త.

అవతలి నుంచి అన్నే జవాబిచ్చేవాడు. "చెవులు మంచిగనే ఉన్నయ్ అత్తా, వేళ్ళే లేవు. సదవనియ్యి దాన్ని."

వరసగా, ఒక్క మాట వదలకుండా చదవమని మీరు నేర్పారు. అన్నకూ అదే ఇష్టం. చివరికి ఏమవుతుందో చెప్పబోతే ఒప్పుకునేవాడు కాదు. "తోక ముందే చూపిస్తే ఇంక వేటేముందే? రేపు సదువు," అనేవాడు. ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్న భాగం వచ్చిన రోజు మాత్రం, "మళ్ళొకసారి," అన్నాడు. నాలుగుసార్లు చదివించుకున్నాడు.

అన్నకు నయం చేయమని ఆరేళ్ళుగా ప్రభువును అడుగుతున్నాను, టీచరుగారూ. ఉపవాసాలు ఉండి అడిగాను. ముందు కుడిచేతి వేళ్ళు పోయాయి. తర్వాత పాదాలు. ఇప్పుడు కళ్ళు. పది రోజుల కిందట, ప్రభువును బంధించి తీసుకుపోయే చోటికి వచ్చాం. శిష్యులంతా పారిపోయారు. పుస్తకం మూసి తల ఎత్తేసరికి అన్న మోచేతుల మీద పాకుతూ బండ దగ్గరికి వస్తున్నాడు. సొరబుర్ర ఎత్తలేక, ఒరిగించి మూతి పెట్టి తాగాడు. మిగిలింది మెడకు తగిలించుకుని వెనక్కి పాకాడు.

మర్నాడు గొంతు పోయిందని సైగ చేశాను. నా గొంతుకు ఏమీ కాలేదు. నేను నమ్మని మాటను అరిచి చదవడం నాకు చేతకాలేదు. నన్ను క్షమించండి.

ఇట్లు,
మీ దగ్గర చదువుకున్న
మాసే


కుంట తహసీలు
1937 మార్చి 10

ప్రియమైన టీచరమ్మా,

ఉప్పు అమ్మే బుధ్రాం చేత మీ జవాబు అందింది. మీరు కోప్పడలేదు. వానల దాకా పేరు కొట్టేయించనని రాశారు. ఆ ఉత్తరం వచ్చేసరికి అన్న పోయి రెండు రోజులు.

పూడ్చడానికి ఊళ్ళోవాళ్ళెవరూ రాలేదు. అవ్వా నేనూ వాగు దాటాం. గుడిసె వెనక ముక్కూమొహం తెలియని మనిషి మణికట్టుకు కర్ర కట్టుకుని గొయ్యి తవ్వుతున్నాడు. అతనికీ వేళ్ళు లేవు. నేను ఆగిపోయాను. అవ్వ ఆగలేదు.

"సీతయ్య. వానలకు ముందు నుంచి ఈడనే ఉంటన్నడు," అంది. "ఊరికి తెలిస్తే కాలుస్తరని మీ అన్న దాచిండు."

అన్న తన జావలో సగం అతనికి పోస్తున్నాడట. అవ్వ అది కనిపెట్టి, తను తాగేది తగ్గించుకుని పెద్ద సొరబుర్ర మోయడం మొదలుపెట్టిందట. ఒకే ఇంట్లో ఉండి నేను గమనించలేదు. ముగ్గురం కలిసి అన్నను పూడ్చాం.

మర్నాడు అవ్వ మళ్ళీ జావ కాచింది. నాకు కోపం వచ్చింది. "ఎన్నాళ్ళే అవ్వా ఇట్ల? పెట్టి పెట్టి ఏం జేసినవ్? అన్నకు నయమైందా?" అన్నాను.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు. "నయమైతదని పెట్టిననా? ఆకలైతదని పెట్టిన. ఇయాళ గూడ ఆకలైతది. బుర్ర పట్టు."

అవ్వకు బాప్తిస్మం లేదు, ప్రార్థన రాదు. బుర్ర పట్టుకుని వెంట వెళ్ళాను.

సీతయ్య అవతలి గట్టున కూర్చుని ఉన్నాడు. "గొంతు నయమైందా చెల్లె?" అని అడిగాడు. "పొదల్ల కూసోని రోజూ ఇన్న. ఆయన్ని కట్టి తీస్కపోయిండ్రు గదా. ఇడిసిపెట్టిండ్రా, సంపిండ్రా? తప్పిచ్చుకోని ఉంటడని మీ అన్న. లే, సంపే ఉంటరని నేను. ఆఖరు రోజు దాంక అదే కొట్లాట."

టీచరమ్మా, అన్న ఆ చోటనే ఆగిపోయి చనిపోయాడు. ముందు మిగిలినవి కొన్ని పేజీలే. ఇరవై ఆరు రోజులు గొంతు బాగుండీ నేను ఊరుకున్నాను. దీనికి దేవుణ్ణి క్షమాపణ అడిగాను. ఏ ఓదార్పూ రాలేదు. వాగు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇంటికి పరుగెత్తి పుస్తకం తెచ్చాను.

వారం రోజులుగా చదువుతున్నాను. అన్న పోయాక కూడా వాగుకు బుర్ర ఎందుకు మోస్తున్నామని దేవే అత్త అడిగింది. అవతలి గట్టు వైపు చూసింది కూడా. ఇంకా ఎవరికీ చెప్పినట్టు లేదు. చెబితే ఆ గుడిసె ఉండదు. అప్పుడు సీతయ్య ఎటు పోతాడో, మేమేం చేస్తామో తెలియదు.

నిన్న ప్రభువును సిలువ వేశారు, సమాధిలో పెట్టి రాయి దొర్లించారు. "అయితే మీ అన్నే ఓడిండు," అని సీతయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అంతేనా చెల్లె? ఐపోయిందా?"

"ఇంకొక పేజీ ఉంది. రేపు," అన్నాను.

ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు, అతనికి తెలియదు. నా మనసులో బరువు కొంచెం కూడా దిగలేదు. అది పైకి చదివితే నేను నమ్ముతానో లేదో చెప్పలేను. కానీ సమాధి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి నేను లేచి రాలేను. సీతయ్య ఉన్నంతకాలం బోర్డింగుకు రాను. నా పేరు మాత్రం ఉంచండి.

తెల్లవారింది. అవ్వ గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. చదవడానికి వెళుతున్నాను.

ప్రభువునందు మీ
మాసే