చుట్టూ తిరగొద్దు మామా

కర్నూలు,
ఆదివారం.

సోమన్న మామకు,

నువ్వు బస్సులో పంపిన డ్రాయింగ్ కాగితాలు అందాయి. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి, మా బడిలో పిల్లలకు చెప్పినట్టే చెబుతాను.

గీతలు బాగున్నాయి. మడకతో పొలం దున్నిన చెయ్యి కదా, వణుకు లేదు. చిక్కంతా వస్తువుల దగ్గరే. పెట్టెను చూసి గీయమంటే దాని వెనక వైపు కూడా గీశావు. చెంబుకు మూతీ అడుగూ రెండూ గుండ్రంగా చూపించావు. ఎద్దుకు అవతలి పక్కనున్న సుడిని కూడా ఇటే పెట్టావు! ఎమ్మిగనూరు సంతలో కొనే ముందు చుట్టూ తిరిగి చూస్తావే, అలా గీస్తున్నావు. బొమ్మకు అది కుదరదు మామా. ఒక్క చోట కూర్చో. అక్కడి నుంచి కనబడిందే గీయి.

చివరి కాగితంలో మాత్రం తప్పు పట్టలేను. అత్త బియ్యం చెరుగుతున్న బొమ్మ. వీపు, కొప్పు, చేట అంచు, అంతే. "నేను కూచున్న కాడికి మొగం కనపడల్యా, ఏమనుకోవద్దు" అని కింద రాశావు. అనుకోవడానికేముంది? అన్నింటిలోకీ అదే సరైన బొమ్మ.

నిన్న అత్త ఫోన్ చేసింది. తనకు చెప్పకుండా పాడి ఎనుమును అమ్మినప్పటి నుంచి నీతో మాటల్లేవట. "పెయ్యప్పటి నుంచి సాకింది నేను, అమ్మేది మీ మామనా?" అంది.

మొహం గీయడం ఎలాగో నేర్పమన్నావు. నేర్పుతాను. ముందు ఈ ఒక్కసారికి లేచి, చుట్టూ తిరిగి, ఆమెకు ఎదురుగా పోయి కూర్చో. పెన్సిల్ తీసుకుపోవద్దు.

నీ మేనకోడలు