బూటు తొడిగేటప్పుడు

అత్తయ్యా, కుట్టు కంపెనీలో సెలవు అడిగి నేను నేరుగా ఆసుపత్రికి వచ్చేస్తాను. పదింటికి ఆటో వస్తుంది, చిన్నోణ్ణి తీసుకుని మీరు రండి.

బూటు తొడిగేటప్పుడు మాత్రం వాడి కాలు లాగొద్దు. ముందు మోకాలు వంచి, మడమను అరచేత్తో పట్టుకుని కాసేపు ఆగండి. పాదం దానంతటదే మెత్తబడుతుంది, అప్పుడు తొడగండి. లాగితే కర్రలా బిగుసుకుంటుంది. "కాలు చాపరా మొండోడా" అని గదమాయిస్తే ఇంకా బిగుస్తుంది. అది మొండితనం కాదత్తయ్యా, వాడు వదలాలనుకున్నా కండ వదలదట. మొండితనమంతా తల్లి పోలికేనని నిన్న పక్కింటావిడతో అన్నారు, విన్నాను. నన్నెన్నైనా అనండి, వాడి కాళ్ళని అనకండి.

ఇవాళ డాక్టరు కాలు ఎంతవరకు వంగుతుందో చూసి, ఆపరేషన్ కావాలో వద్దో తేలుస్తారు. వీడు ఏడ్చి బిగుసుకుని వచ్చాడంటే ఏమంటారోనని నాకు కంటి మీద కునుకు లేదు.

మీ మోకాళ్ళ మందు కిటికీలో పెట్టాను, రాసుకునే బయల్దేరండి.

ఇంకోటి. "నానమ్మంటే నాకేం భయం లేదమ్మా, నా కాళ్ళకే భయం" అన్నాడు పొద్దున. ఈ ఒక్కపూటైనా వాటితో కాస్త మెల్లగా మాట్లాడండి.