మోకాల్లో లేని ప్లేటు

మంగళవారం, రాత్రి

నడుంనొప్పితో అప్పలస్వామి తాతయ్య ఈరోజు మా ఆసుపత్రికి వచ్చారు. స్టీలు ప్లాంటులో రిటైరైన మనిషి. రోగుల వివరాలు ఎక్కించే సీటు నాది; కంప్యూటర్లో ఆయన రికార్డు తెరిస్తే, పోయిన నెల మా దగ్గరే మోకాలికి ఆపరేషన్ చేసి స్టీలు ప్లేటు వేసినట్టుంది. ప్లేటు ఏ లోహమో చెప్పే కాగితాలు లేకుండా ఎమ్మారై తీయనన్నాడు టెక్నీషియన్.

"ఆపరేషనేటమ్మా? నలభై ఏళ్లు స్టీలు పనే సేసేను గానీ, ఒంట్లో ఎట్టించుకోనేదు," అంటూ తాతయ్య పంచె పైకి లాగారు. మోకాలి మీద కుట్టు గుర్తే లేదు.

ఆరోగ్య కార్డు డబ్బు కోసం ఎవరో ఎక్కించిన దొంగ ఆపరేషన్ అది. ఎక్కించింది నా లాగిన్‌తో. సెలవులో పని ఆగకూడదని పక్క సీటు సంజయ్ భయ్యాకి పాస్‌వర్డ్ చెప్పింది నేనే.

ఊరుకుందామనిపించింది. కానీ రేపు ఇంకో డాక్టరు ఆ అబద్ధాన్ని నమ్మి వైద్యం చేస్తాడు. సూపరింటెండెంట్ మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ ఎంట్రీ తేదీ చూశారు. ఆ రోజు నేను సెలవు పెట్టి విజయనగరంలో ఉన్నాను.

"పాస్‌వర్డ్ ఇవ్వడం నీ తప్పే. దాచకుండా చెప్పావు, అది మంచిదైంది," అన్నారు. క్లెయిమ్ ఆపించి, రికార్డు దిద్దించారు. ఇకనుంచి ఎవరి వేలిముద్రతో వాళ్లే లాగిన్ అవ్వాలట. ఆపరేషన్ రాస్తే రోగి ఫోనుకి మెసేజ్ వెళ్తుందట.

సాయంత్రం సంజయ్ భయ్యా నా వైపు చూడలేదు. రేపు ఏమంటాడో...

తాతయ్యకి ఎమ్మారై అయింది. వెళ్లేముందు, "ఇప్పుడందులో ఉన్నది నానేనా?" అని అడిగారు. స్క్రీను ఆయన వైపు తిప్పి, దిద్దిన రికార్డు చదివి వినిపించాను.