అంచు విరిగిన కప్పు

ఆయిస్టర్ పాయింట్,
మార్చి 9, 1996

చిరంజీవి తమ్ముడు అబ్రమ్‌కి అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, మూడు కోళ్ళూ. నువ్వూ మరదలూ ఆ ఫిలడెల్ఫియా చలిలో కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. రాయాల్సింది రాయలేక మూడు కాగితాలు పొయ్యిలో పడేశాను. ముందు నువ్వడిగినవాటికి చెబుతాను. మోకాళ్ళు నొప్పులే గానీ నడిపిస్తున్నాయి. వాన పడితే వెనక గది ఇంకా కారుతోంది. ఆదివారం టమాటాలేసి ఎర్రన్నం వండుకున్నాను. ఒక పూటకని వండితే నాలుగు పూటలొచ్చింది. ఒక్క మనిషికి సరిపడా వండడం నాకింకా చేతకాలేదు.

తలుపు సంగతి కూడా అడిగావు. దయ్యాలు గడప దాటకుండా తాతల నాటి నుంచీ నీలం రంగు వేసుకుంటున్నాం గదా, నీ తలుపొక్కటీ ఎందుకలా బోసిగా ఉందని. నువ్వు పంపిన రంగు డబ్బా మంచం కిందే ఉంది. ఆ మాట చివర్న చెబుతాను.

ఇక మ్యూజియం. నువ్వు మరీ మరీ రాశావని మొన్న గురువారం వెళ్ళాను. మనం చదువుకున్న రెండు గదుల బడే కదా. అల్లరి చేసి నువ్వు నిలబడే మూల ఇప్పుడు చేపల వల వేలాడుతోంది. గడ్డి బుట్టలు, వడ్లు దంచిన రోలు, అన్నీ మన ఇళ్ళలోవే. చుట్టపుచూపుగా ఎవరింటికో వెళ్ళి మన సామానే చూసొచ్చినట్టయింది.

అన్నీ చూపించే పిల్ల తిర్జా, మన చర్చి డీకన్ మనవరాలు. నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"రండి పెద్దమ్మా, మీ అమ్మగారి కప్పు చూపిస్తాను."

"మా అమ్మ కప్పు నాకే చూపిస్తావటే?"

పోయిన తుపానుకి పోటు నీళ్ళొచ్చి సమాధుల మీది సామానంతా చెదిరిపోతే, వీళ్ళే ఏరి తెచ్చి కడిగి గాజు పెట్టెల్లో పెట్టారు కదా. కప్పున్న పెట్టె కింద చీటీ ఉంది. తిర్జా పైకి చదివింది: "చనిపోయినవారు చివరిసారి తాగిన కప్పు. దానికోసం వాళ్ళు మళ్ళీ ఇంటికి రాకుండా, అడుగు పగలగొట్టి సమాధి మీద పెట్టేవారు."

"పెట్టేవారేమిటే? పెడతాం. నేనింకా చావలేదు."

"అయ్యయ్యో, దిద్దేస్తాను పెద్దమ్మా! ఇంతకీ మీ అమ్మగారి సమాధి దగ్గర దొరికింది, ఇది ఆవిడదే కదా? ఆవిడ పేరు కూడా రాద్దామని."

నేను తలూపాను. పాపం ఆ పిల్ల అక్కడికక్కడే 'బినా' అని అమ్మ పేరు అందంగా రాసుకుంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఎండ ఎక్కువైందని చెప్పి బయటికొచ్చేశాను.

జూలైలో మనవళ్ళని తీసుకొచ్చి, ఆరేళ్ళప్పుడు పంపుకేసి కొట్టి నువ్వు విరగ్గొట్టిన అంచు వాళ్ళకి చూపిస్తానని రాశావు. చూపించలేవురా. ఆ కప్పుకి అడుగు లేదు గానీ అంచు చెక్కుచెదరలేదు. అది అమ్మ కప్పుకి జత కప్పు. అలమరలో ఊరికే ఉండేది, ఎవరూ తాగలేదు. అమ్మని సమాధి చేసిన రోజున నువ్వు చూస్తుండగానే దాని అడుగు పగలగొట్టి పెట్టాను. నీ కళ్ళ నిండా నీళ్ళు, అంచెక్కడ చూస్తావు?

అమ్మ కప్పు నా దగ్గరుంది. ఇప్పుడు ఈ కాగితం పక్కనే ఉంది, కాఫీ చల్లారిపోయింది. పదకొండేళ్ళుగా అందులోనే తాగుతున్నాను.

ఆశపడి దాచుకున్నానని అనుకోకు. కప్పు ఇవ్వకపోతే దానికోసం తిరిగొస్తారని కదా అంటారు. రావాలనే ఇవ్వలేదు. ముందు మీ బావ పోయాడు, తర్వాత అమ్మ. ఈ ఇంట్లో నాతో మాట్లాడే గొంతే లేకుండా పోయింది. తిట్టడానికైనా అమ్మ వస్తే చాలనుకున్నాను. తలుపు మీది నీలం ఆమెకి అడ్డమొస్తుందని నేనే గీకేశాను. పాత కత్తితో రెండు రోజులు గీకాను.

రాలేదు అబ్రమ్. ఒక్కసారీ రాలేదు. తలుపు చప్పుడైతే లేచి చూశాను, గాలి. కుర్చీ కదిలితే తిరిగి చూశాను, కోడి. అమ్మకి అక్కడ హాయిగా ఉండుంటుంది, లేదా నా కాఫీ నచ్చలేదేమో. హాయిగా ఉంటే నేను సంతోషించాలి కదా. నాకు ఏడుపొస్తోంది.

జూలైలో రా. ముందు మ్యూజియానికి కాదు, ఇంటికి రా. తిర్జాకి నిజం నేనే చెప్పుకుంటాను, నాలుగు చీవాట్లు పెడితే పడతాను. మనిద్దరం కప్పు తీసుకెళ్ళి అమ్మ దగ్గర పెడదాం. అడుగు నువ్వే కొట్టు. అంచు విరగ్గొట్టిన చెయ్యి నీదే కదా, నాకైతే చేతులు రావు. ఇంటికొచ్చి తలుపుకి నీలం వేద్దాం.

ఒక్కటే అడుగుతాను. రంగు వేసిన రోజే బయల్దేరిపోకు. మర్నాడు పొద్దున నాకు కాఫీకి కప్పుండదు. నువ్వు ఎదురుగా కూర్చుంటే ఏ గ్లాసులోనైనా తాగేస్తాను.

ఇట్లు,
నీ అక్క
ఎవలీనా