అమ్మ ఆపమన్న మాత్ర

అమ్మకు నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అందులో నిజమెంతో కింద తెలుస్తుంది. ఫోన్ చేస్తే నువ్వు ఏడ్చి పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదివి తీరాలి.

అడిగినవాటికి జవాబులు. కాళ్ల వాపు తగ్గలేదు. ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించే బల్ల దగ్గరికి నీ అల్లుడి చెప్పులేసుకునే పోయేదాన్ని. "ఏమ్మా, మొగుడి చెప్పులు కూడా కాజేశావా?" అన్నాడు సూపర్‌వైజర్. "జీతం ఎలాగూ నువ్వు కాజేస్తున్నావుగా, చెప్పులైనా నాకు మిగలనీ" అన్నాను. నవ్వాడు గానీ కూర్చోమనలేదు. ఉప్పు తగ్గించాను. నీ అల్లుడి వంటలో ఉప్పున్నా లేకపోయినా రుచి ఒకటే.

బీపీ మాత్రలు ఆపేశావా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. కడుపులో బిడ్డకి విషమన్నావు. నీ కాన్పు మాత్ర ముక్క లేకుండా నీళ్లు తాగినంత తేలిగ్గా అయిపోయిందన్నావు. నమ్మాను. ఆపేశాను.

ఇప్పుడు విను. నేను ఇంట్లో లేను. ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. మొన్న బల్ల దగ్గర తల పగిలిపోతున్నట్టయింది. కళ్ల ముందు మెరుపులు, చేతిలో కత్తెర కనపడలేదు. ఇక్కడికి తెస్తే బీపీ చూసిన నర్సు పరుగెత్తింది. "మీ అమ్మకి ఇలా ఉండేదా?" అని డాక్టరమ్మ అడిగింది. "మా అమ్మ గుండ్రాయండీ" అన్నాను.

నన్ను చూడ్డానికి వచ్చిన పిన్ని ఏడుపు లంకించుకుంది. "ఎక్కడి గుండ్రాయే! నువ్వు పుట్టేటప్పుడు ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుంది. అందరం ఆశ వదిలేసుకున్నాం. ఆ పొద్దున్నే మొదటి మాత్ర వేసుకుంది, అదే తన ప్రాణం మీదికి తెచ్చిందని ఇప్పటికీ నమ్ముతోంది. నువ్వు భయపడతావని మమ్మల్ని నోరు విప్పనివ్వలేదు."

అమ్మా, నన్ను కంటూ చావబోయినదానివి, నీళ్లు తాగినంత తేలికని నాకు రాస్తావా? ఏం మనిషివే నువ్వు!

నీకు ఫిట్స్ తెచ్చింది మాత్ర కాదట. బీపీ ముదిరిపోయాక గానీ ఎవరూ మాత్ర ఇవ్వలేదు, అదీ సంగతి. డాక్టరమ్మే చెప్పింది.

నాకు మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. బీపీ దిగుతోంది గానీ నమ్మలేమంటున్నారు. నెలలు నిండకుండానే బిడ్డని తీయాల్సి రావచ్చు. లోపల బాగానే తన్నుతోంది, నా పోలికే.

నా కోపం తగ్గాక వద్దామని కూర్చోకు, అది తగ్గదు. ఉత్తరం అందగానే బయల్దేరు. ఆ రోజు ఏం జరిగిందో డాక్టరమ్మకి నీ నోటితోనే చెప్పు. అంతవరకు నర్సు ఇస్తుంది, ఒక్క పూటా మానను. నువ్వు వచ్చాక నా మాత్ర నీ చేత్తో నువ్వే నా నోట్లో వెయ్యాలి.

ఇట్లు,
నిన్ను చూడగానే తిట్టబోయే
నీ కూతురు