జవాబు రాని ఏకాదశి ప్రశ్న

ప్రజారోగ్య సమాచార పరిశీలన విభాగం డైరెక్టరు గారికి, డబ్లిన్ శివారు లూకన్ నివాసి గిరిజాకుమారి రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: టీకా గురించి నేను ఫేస్‌బుక్‌లో అడిగిన ప్రశ్నను తమ నివేదికలో వాడుకుని, జవాబు మాత్రం ఇవ్వకపోవుట గురించి.

1. గత మే నెలలో నా భర్త పద్మనాభం గారికి కోవిడ్ టీకా మొదటి డోసుకు పిలుపు వచ్చినది. ఆ రోజు ఏకాదశి. షుగరు ఉన్నా ఆయన ఆ రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. మా జీపీ డాక్టరు గారి ఫోను దొరకలేదు. ఖాళీ కడుపుతో టీకా వేయించుకోవచ్చునా అని తమ విభాగం పేజీలో తెలుగులోనే అడిగాను. ఏ భాషలోనైనా అడగవచ్చునని తమరే అక్కడ ప్రకటించియున్నారు. జవాబు రాలేదు.

"ఇంకో తేదీ అడుగుదాంలే గిరిజా. నాలుగు రోజులు ఆగితే కొంపలేం మునగవు," అన్నారాయన.

ఆ తేదీ వచ్చేలోపే ఆ కోవిడ్ జబ్బే వచ్చినది. ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు.

2. మొన్న తమ నివేదిక వెలువడినది. జనం సోషల్ మీడియాలో రాసుకున్నవి యంత్రంతో చదివించి వారి భయాలు తెలుసుకున్నామని అందులో ఉన్నది. మా అమ్మాయి శ్రీజ ఫోను పట్టుకొచ్చి, "మమ్మీ, దిస్ ఈజ్ యువర్ క్వశ్చన్," అన్నది. పేరు తీసివేసినారు, మాటలు నావే. పక్కన రంగుల లెక్కల బొమ్మ, పైన శీర్షిక: 'మత కారణాలతో టీకాను నిరాకరించేవారు'.

"మనం ఎప్పుడు వద్దన్నామే?"

"ఐ నో, మమ్మీ. దే జస్ట్ కౌంటెడ్ ఇట్."

అయ్యా, మేము నిరాకరించలేదు. అడిగాము. వేయించుకోవాలనుకునేవాళ్ళే తిని రావాలా, తినకుండా రావాలా అని అడుగుతారు. అంతా అయ్యాక జీపీ గారిని అడిగితే, "తినకపోయినా గ్రాండ్," అన్నారు, అంటే ఇక్కడివారి మాటలో పర్వాలేదని. అంత చిన్న జవాబు. నా భయాన్ని కొలిచి, రంగులు వేసి, బొమ్మ గీయడానికి తమకు తీరిక దొరికింది. ఆ ఒక్క ముక్క రాయడానికి దొరకలేదు. నేను ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగను. ఇప్పుడు దేవుడి ముందు కూర్చున్నా తమ బొమ్మే కనిపించి, కోపంతో స్తోత్రం తప్పుతున్నది.

3. ఈ అర్జీని ఇంగ్లీషులో రాసిస్తానని శ్రీజ అన్నది. వద్దన్నాను. నా తెలుగు ప్రశ్నను చదివిన యంత్రం దీన్నీ చదవగలదు.

కావున ఆ శీర్షిక కింది నుంచి మమ్మల్ని తీసివేసి, నా ప్రశ్న కింద జవాబు రాయించవలెను. ఆయనకు ఇక అక్కరలేదు. ఆ పేజీ చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ కోపాన్ని కూడా లెక్క వేసి ఊరుకోక, చిత్తగించవలెను.

ఇంతవరకూ మర్యాద తప్పని విధేయురాలు,
గిరిజాకుమారి

తా.క.: ఇది పంపే ముందు ఆ పేజీ చూశాను. రింగాస్కిడీ అనే ఊళ్ళో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఐశ్వర్య అనే అమ్మాయి నా ప్రశ్న కింద, "ఆంటీ, మా అత్తయ్యకి బూస్టర్ ఏకాదశి రోజే పడింది. మీకు రిప్లై వచ్చిందా?" అని రాసింది. తినకపోయినా పర్వాలేదు, తీసుకెళ్ళమ్మా అన్నాను. నీరసపడితే ఇంత పాలు తాగించు, దేవుడేమీ అనుకోడు అన్నాను. దేవుడి తరఫున చెప్పడానికి నాకు భయం వేయలేదు. తమరి తరఫున కూడా నేనే చెప్పవలసి వచ్చింది.