తొక్కినా గుయ్యే, వదిలినా గుయ్యే

మా బావమరిదికి, బావ దీవించి రాసేదేమంటే,

మీరంతా క్షేమమే అనుకుంటాను. ఇక్కడ మాత్రం క్షేమమనే మాట విని చాలా కాలమైంది. ఫోన్ చేస్తే నీ షెడ్డులో సుత్తిమోత తప్ప నీ గొంతు వినపడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నా డ్రైవింగ్ స్కూలుకి ఉన్నది ఒక్క కారు, ఒక్క మాస్టారు. ఇప్పుడు ఆ కారు ఏడుస్తోంది. గేరు రాడ్డుకి కాస్త ముందు, కింది నుంచి, "గుయ్య్..." అని, సీసాలో పడ్డ జోరీగలా. ఒకటో గేరులోనూ అదే, మూడో గేరులోనూ అదే. నేర్చుకోవడానికొచ్చినవాళ్ళు ఆ చప్పుడుకి బెదిరిపోతున్నారు. పరీక్షకెళ్ళి బండి ఆపేసుకుని, తప్పి, ఇంటికి పోతున్నారు. ఏడాదిగా నా దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కడు పాసైతే ఒట్టు! పేరు గంగలో కలిసింది. మిగిలిన శిష్యురాలు ఒక్కతే, మీ అక్క. స్కూలు మూతపడకూడదని ఆవిడే చేరింది. ఆవిడా రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే బోర్డు దించేసి ఇంట్లో కూర్చుంటాను. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే.

లారీల గేరుబాక్సులు విప్పి బిగించే చెయ్యి నీది. నువ్వే దిక్కు.

ఇట్లు,
చప్పుడు పాలైన నీ బావ

తా.క. చప్పుడు రాయడం సరిగ్గా కుదిరిందో లేదోనని పైకి చదివి చూసుకున్నాను. పక్కింటావిడ జ్వరం మాత్ర తెచ్చిచ్చింది.

*

బావగారికి నమస్కారాలు.

అంత బెంగ పెట్టుకోకండి. అది బేరింగు ఏడుపు. ఏ బేరింగన్నదే తేల్చాలి. బండి కదలకుండా నిలబెట్టి, న్యూట్రల్లో ఇంజిను ఆన్ చేసి ఉంచండి. క్లచ్ తొక్కినప్పుడే చప్పుడొస్తే క్లచ్ బేరింగు. వదిలినప్పుడే వస్తే గేరుబాక్సు లోపలిది. ఏదో ఒకటే అవుతుంది, ఇందులో అనుమానం లేదు. చూసి వెంటనే రాయండి.

బోర్డు జోలికి మాత్రం వెళ్ళకండి. అక్క నేర్చుకుంటుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ అక్క నన్ను గోడకేసి గుద్దింది. కానీ నేర్చుకుంది. గుర్తుగా నా ముక్కు ఇప్పటికీ కాస్త పక్కకే ఉంటుంది.

*

బావమరిదికి, నీ బావ కడుపు మండి రాసేది.

నువ్వు చెప్పినట్టే చేశాం. మీ అక్క డ్రైవరు సీట్లో, నేను ఎప్పట్లాగే పక్క సీట్లో. తొక్కితే గుయ్య్. వదిలినా గుయ్య్! ఏదో ఒకటే అవుతుందన్నావు. నా ఖర్మకి రెండూ అయ్యాయి.

ఇక్కడి మెకానిక్కుకి చూపించాను. ఒక్కడే బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, "ఏ చప్పుడూ లేదు మాస్టారూ" అన్నాడు. నేను పక్కనెక్కి కూర్చోగానే వచ్చింది. వాడు బండిని చూడ్డం మానేసి నన్ను చూడ్డం మొదలుపెట్టాడు. గేరుబాక్సు దింపమంటే, "లేని రోగానికి ఆపరేషన్ చెయ్యను" అని ఆయిలు మాత్రం మార్చాడు. ఆయిలు మారింది గానీ రాగం మారలేదు.

ఇంకో విడ్డూరం విను. పరీక్షలో అధికారి పక్కన కూర్చుంటే అసలు చప్పుడే రాలేదట! అలవాటైన చప్పుడు వినపడకపోయేసరికి మీ అక్క కంగారుపడి బండి ఆపేసిందట. వస్తే ఒక భయం, రాకపోతే ఇంకో భయం. ఈ కారుతో ఎలా వేగమంటావు? పరీక్ష మళ్ళీ దగ్గర పడుతోంది. బోర్డు దించడానికి నిచ్చెన అడిగి పెట్టుకున్నాను.

ఇట్లు,
దిక్కుతోచని నీ బావ

తా.క. తమ్ముడూ, నేను అక్కని. ఆయన నిద్రలో కూడా గుయ్య్ అంటున్నారు. ముందు ఆ బేరింగేదో తేల్చు, నాకు నిద్ర కావాలి.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. మెకానిక్కు ఒక్కడే నడిపితే చప్పుడు లేదు. అధికారి కూర్చుంటే లేదు. మీరు కూర్చుంటే ఉంది. మా మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి, "బండిలో ఏ లోపమూ లేదు, లోపం మీ బావగారిలో ఉంది. విప్పాల్సింది ఆయన్నే" అన్నాడు. కోపం తెచ్చుకోకండి. నాకూ అలాగే తోస్తోంది.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న మీ బావమరిది

తా.క. ఒకసారి మోకాళ్ళు చూపించుకోండి. మా మేస్త్రీ మెట్లెక్కుతుంటే అరిగిపోయిన లారీ చప్పుడే వస్తుంది. ఆయిలు మార్చే వీలు కూడా లేదు పాపం.

*

బావమరిదికి, తల దించుకుని రాసేదేమంటే,

"లోపం మీ బావగారిలో" అన్న మాటకి నాకు అన్నం సయించలేదు. "అందులో తప్పేముంది?" అంది మీ అక్క. ఆ ఉక్రోషంతోనే ఎముకల డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆయన నా మోకాళ్ళు వంచి, చాపి, చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. లేవబోతుంటే ఆపి, పిక్కలు రెండూ పట్టి చూశాడు. "ఎడమది ఇంత లావుందేమిటండీ? పొద్దస్తమానం దేన్ని తొక్కుతున్నారు?" అన్నాడు.

అప్పుడు వెలిగిందిరా! డ్రైవింగ్ స్కూలు కారు కదా, పక్కన కూర్చునే మాస్టారికీ ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నీకు రాయలేదు. ఇంటికి తలుపుందని ఎవరైనా ఉత్తరం రాస్తారా? కిందటేడు ఒక గుమాస్తా నేర్చుకుంటూ బండిని బట్టల కొట్టు మెట్లెక్కించాడు. ఆ రోజు నుంచి నా ఎడమ కాలు ఆ క్లచ్ మీద నుంచి దిగలేదు. ఆ సంగతి నాకే తెలియదు. మీ అక్క తొక్కినా వదిలినా నేను మాత్రం కాస్త నొక్కే ఉంచాను. నువ్వన్న క్లచ్ బేరింగే. గేరు మార్చడానికి క్షణంసేపు తొక్కితే ఊరుకునేది, దిగని నా కాలి కింద పడి ఏడుస్తోంది.

బేరింగు పోతే పోయింది, మారుస్తాను. శిష్యులు క్లచ్ టక్కున వదిలేసినా బండి ఆగకుండా నా కాలు మెల్లగా వదులుతూ వచ్చింది. నడిపింది నేను, వచ్చేసిందనుకున్నది వాళ్ళు. పరీక్షలో నా కాలు ఉండదు, బండి ఆగిపోతుంది. నేనేమో మీ అక్కతో "నీకు చేతకాదు, వదిలెయ్" అన్నాను. తప్పిన ప్రతిసారీ అన్నాను.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చెప్పాను. మీ అక్క చేతిలో గరిటె ఉంది, ఈ రోజుతో సరి అనుకున్నాను. ఆవిడ స్టవ్ ఆపి, "అయితే నాకు చేతకాక కాదన్నమాట" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇంతమందిని ఏడిపించాక నా వంతు రాకుండా ఉంటుందా!

మర్నాడు నన్ను పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చోమని, కాలు కిందికి దిగితే ఊరుకోనని చెప్పి బండి తీసింది. వీధి మలుపులో ఆగిపోయింది. మళ్ళీ ఆగింది. వెనక ఒకటే హారన్లు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి పెద్ద రోడ్డు మీద పోతున్నాం, చప్పుడన్నదే లేదు. నిన్న పరీక్ష పాసైంది.

ఇట్లు,
నీ బావ

తా.క. స్కూలు మూతపడలేదు. తప్పినవాళ్ళందరినీ పిలిపించి మీ అక్క మళ్ళీ నేర్పుతోంది, నా సీట్లో కూర్చుని. నన్ను వెనక సీట్లోకి మార్చింది. అక్కడ తొక్కడానికి ఏమీ లేదు. పొద్దుట ఆ గుమాస్తా కూడా వచ్చి, బట్టల కొట్టు ముందు నుంచే నెమ్మదిగా పోనిచ్చాడు. అందరూ బాగానే నడుపుతున్నారురా. అదే నా ఏడుపు.